శెనక్కాయ గింజంత చోటు

ఏడుపొచ్చినా బాగుండేది.
అందరూ నాది దుఃఖమే అనుకున్నారు.
దుఃఖానికి ఉప్పుంటుంది గదా,
నాకు ఉప్పు కూడా లేదు.

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేలల్లో ఎర్రమన్ను కడుక్కుపోయి
రాళ్లు పైకి తేలుతాయి.
గుంతకల్లు నుంచి, ఆదోని నుంచి, బళ్లారి నుంచి కూడా జనం,
సద్దిమూటలు, గొడుగులు, చంకల్లో పిల్లలు.
వంగిన నడుములు వంగినట్టే సాయంత్రం దాకా.
ఒక్క రాయి దొరికితే చాలు, అప్పులు తీరిపోతాయి.
ఇరవై ఏళ్లు వచ్చాం, నేనూ మద్దమ్మా.
ఒక్క వజ్రమూ దొరకలేదు.
ఒక్క ఏడూ మానలేదు.

నిరుడు మానేశాను.

అంతకు ముందు చికున్‌గున్యా. జ్వరం వారంలో పోయింది,
కీళ్లనొప్పులు ఉగాది దాటి పోయాయి,
పోతూ పోతూ ఇంకేదో పట్టుకుపోయాయి.
ఏం పోయిందో తెలిసింది ఉగ్గాని తిన్నరోజు.
పుట్నాలపొడి ఉంది, నిమ్మకాయ పిండారు,
పక్కన పొగలు కక్కే మిరపకాయ బజ్జీ.
నా నాలుక గుమాస్తాలా అన్నీ రాసుకుంది:
కారం, పులుపు, ఉప్పు, సరి.
సంతకం పెట్టే ఆఫీసరే సీట్లో లేడు.

చెల్లెలి కొడుకు మొదటి అడుగేస్తే చప్పట్లు కొట్టాను.
చప్పుడు మాత్రం నా చేతులదే.
మిషన్ మీద జాకెట్లు కుడుతూనే ఉన్నాను,
కుట్టింది వెలుతురుకు తిప్పి చూసుకోవడం
ఎప్పుడో మానేశాను.
"ఏం తక్కువైంది మే నీకు?" అన్నాడు కంబగిరి.
తిట్టలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది.
ఇక్కడ, నుదుటికి వెనక, లోతుగా,
వేరుశనగ గింజంత చోటుందమ్మా.
మంచిదేదో రాబోతోందని అక్కడికి కబురు చేరితేనే
మనిషికి లేవబుద్ధవుతుంది.
ఆ కబురు మోసేదాని పేరు డోపమిన్.
జ్వరం పోయినా కొందరి ఒంట్లో మంట మిగిలిపోయి
ఆ దారిని ఎండబెడుతుందని మా అనుమానం.
అంతా మాకూ తెలీదు.
సోమరితనం మాత్రం కాదు.

మిగతాది నేను వినలేదు.
ఆ గింజనే చూస్తున్నాను.
మా నాయన శెనక్కాయ పండించినోడు.
వాన ఎగ్గొట్టిన ఏడు కాయ పైకి నిండుగానే ఉండేది,
చెవి దగ్గర ఆడిస్తే
లోపల గింజ ముడుచుకుపోయి గలగలమనేది.
ఆకాశాన్ని తిట్టాడు, బ్యాంకును తిట్టాడు,
చెట్టును ఎప్పుడూ తిట్టలేదు.

మాత్రలు మొదలుపెట్టి ఐదు వారాలు.
మద్దమ్మ లాక్కొస్తే వచ్చి గట్టు మీద కూచున్నా.
మధ్యాన్నం "మేయ్!" అని అరిచింది,
అరచేతిలో మెరుపు, చెయ్యంతా వణుకు.
యాపారి కంటికి అద్దం పెట్టుకుని చూసి
పలుగురాయి పో, అన్నాడు.
ఆమె నవ్వింది. పత్తికొండ బస్సెక్కేదాకా నవ్వుతానే ఉంది.

గింజకు వజ్రం అక్కర్లేదు, ఆ వణుకు చాలు,
అని అర్థమైంది నాకు.
అర్థమైతే ఏముంది,
నా చెయ్యి వణకలేదు.
రాయి నా ఒళ్లో వేసింది, ఉంచుకో మే అని.
కొంగున ముడేసుకున్నా, మరిచిపోయినా.

రాత్రి మాత్ర మింగి పడుకున్నాక
చీకట్లో కంబగిరి ఊరికే, మాట కోసం, అడిగాడు:
"ఏం రంగుంది ఆ రాయి?"

"పాల రంగు.
ఒక మూల కొంచెం పచ్చ.
ఎండకు తిప్పితే ఆ పచ్చ పక్కకు జరిగి..."

ఆగిపోయాను.

ఎప్పుడు తిప్పాను?